ఆగే ఆట

బుడ్డోడికి ముప్పై తొమ్మిదేళ్లు. నడినెత్తిన జుట్టు పల్చబడి కూడా నాలుగేళ్లయింది. అయినా చిన్నప్పుడు వదిన పెట్టిన పేరు వీధి మొత్తం నోళ్లలో అలాగే ఉండిపోయింది. కంప్యూటర్లు బాగుచేసే అతని కొట్టుకి ఎవరైనా కొత్తవాళ్లు వస్తే, బల్ల వెనక ఉన్న మనిషిని ఎగాదిగా చూసి, బుడ్డోడు లేడా అని అడుగుతారు. తనే బుడ్డోడినని చెప్పుకోవడానికి అతనెప్పుడూ సిగ్గుపడలేదు. వదిన పెట్టిన పేరు కాబట్టి దాన్ని మార్చుకోవాలన్న ఆలోచనే అతనికి రాలేదు.

ఆ వదిన ఇప్పుడు ఆ పేరు కూడా పలకలేకపోతోంది.

నెలన్నర కిందట ఆవిడ మెదడులో ఎక్కడో రక్తం గడ్డకట్టింది. సమయానికి ఆసుపత్రికి చేర్చారు కాబట్టి కాలూ చెయ్యీ పది రోజుల్లో దారికొచ్చాయి. మాటే రాలేదు. అంటే బొత్తిగా రాకపోవడం కాదు. ఏం చెప్పాలో లోపల స్పష్టంగా ఉంటుంది, తీరా చెప్పబోతే కావలసిన మాట చేతికందకుండా తప్పించుకుంటుంది. దువ్వెన అడగాలంటే "అది... జుట్టుది..." దగ్గర ఆగిపోయి కళ్లు మూసుకుంటుంది. ఒకప్పుడు ఆవిడ నోటికి డిపో మేనేజరే దారి ఇచ్చేవాడు.

వదినది బస్సు డిపోలో డ్యూటీ చార్టు రాసే ఉద్యోగం. ఏ డ్రైవరు ఏ బండి ఎక్కాలి, ఎన్నింటికి దిగాలి, ఎవరికి ఎప్పుడు సెలవు, అంతా ఆవిడ చేతిరాతలోనే నడిచేది. ఇరవై రెండేళ్లుగా డ్రైవర్లందరికీ ఆవిడ చార్టమ్మే. ఆవిడ దగ్గర ఒకే ఒక్క మొండిపట్టు ఉంది. బండి దిగిన మనిషి ఎనిమిది గంటలు పడుకుంటేనే మళ్లీ స్టీరింగు పట్టాలి. పై అధికారులు ఒంటికాలి మీద లేచినా, బండ్లు ఆగిపోతాయని బెదిరించినా ఆ గడిలో ఆవిడ పెన్ను కదిలేది కాదు. కొత్తలో డ్రైవర్లే విసుక్కున్నారు. తర్వాత వాళ్ల పెళ్లాలు ఇంటికొచ్చి మరీ దండం పెట్టి వెళ్లారు.

ఇంకో పది వారాల్లో ఆవిడ మెడికల్ బోర్డు ముందు కూర్చోవాలి. అడిగిన ప్రశ్నలకు తనంతట తాను ఆలోచించి జవాబు చెప్పగలిగితే చార్టు బల్ల మళ్లీ ఆవిడది. చెప్పలేకపోతే స్టోరు గదికి పంపుతారు. అక్కడ టైర్లు లెక్కపెట్టుకుంటూ రిటైరయ్యేదాకా కూర్చోవచ్చు, మాటలతో పనే ఉండదు. బోర్డు పిలుపు కాగితం వచ్చిన రోజు వదిన దాన్ని మడతపెట్టి దిండు కింద పెట్టుకుంది. అప్పటినుంచి మంచం దిగడం కూడా తగ్గించేసింది.

మాటలు నేర్పే టీచరమ్మ వారానికి రెండుసార్లు వచ్చేది. రోజూ ఓ గంట పైకి చదవాలి, చదివినదాని గురించి ఏదో ఒకటి తేల్చి చెప్పాలి, ఉత్తినే చదివితే లాభం లేదని ఆవిడ గట్టిగా చెప్పింది. వార్తాపత్రిక ఇస్తే వదిన రెండు ముక్కలు చదివి పక్కన పడేసింది. అన్నయ్య బజారుకెళ్లి బొమ్మలతో ఉన్న పిల్లల పుస్తకం తెచ్చాడు. వదిన దాన్ని చాలాసేపు అటూ ఇటూ తిప్పి చూసి, వంటింట్లో ఊగుతున్న బల్ల కాలి కింద పెట్టి వచ్చింది. బల్ల ఊగడం మానేసింది, అంతకుమించి ఆ పుస్తకం వల్ల ఉపకారం జరగలేదు.

అన్నయ్య ప్లంబరు. పైపులో ఏదైనా అడ్డుపడితే ఓ దెబ్బ కొట్టి వదిలించడం ఆయనకు అలవాటు. భార్య నోట్లో మాట అడ్డుపడినా అదే పద్ధతి. ఆవిడ "ఆ... అది..." అనేలోపు నీళ్లా, మందులా, కిటికీ తలుపా అని వరసపెట్టి అందించేసేవాడు. ప్రేమతోనే. ఆ ప్రేమ ధాటికి వదిన రోజంతా తల ఊపుతూ గడిపేది.

బుడ్డోడికి తెలిసిన విద్యలు రెండే. ఒకటి పాడైన కంప్యూటర్లు బాగుచేయడం, రెండోది పాత కంప్యూటర్లలో ఆడే పాత ఆటలు. కత్తులు, మంత్రాలు, రాకాసులు, వాటి మధ్య ఓ చిన్న గుంపుని వెంటేసుకుని ఊళ్లు తిరిగే ఆటలు. వాటిలో కొట్లాటకంటే చదవడమే ఎక్కువ. ఎవరో ఏదో చెబుతారు, మనం నాలుగు జవాబుల్లో ఒకటి ఎంచుకోవాలి, దాన్నిబట్టి కథ తిరుగుతుంది. చదవాలి, తేల్చి చెప్పాలి. టీచరమ్మ అడిగిందీ అదే కదా అని ఓ మధ్యాహ్నం కొట్లో టంకం పెడుతుండగా అతనికి తట్టింది. వేలు కాలింది కూడా పట్టించుకోలేదు.

అయితే ఏ ఆట? మౌస్, అదే ఆ కంప్యూటరు ఎలుకని పట్టుకోవడమే కొత్తయిన యాభైనాలుగేళ్ల మనిషికి ఏది ఇవ్వాలి? అతని బీరువాలో అలాంటివి పదకొండున్నాయి. అందులో మూడింటికి అభిమానులెవరో కూర్చుని మాటలన్నీ మన భాషలోకి మార్చిపెట్టారు. వాటికి అతను పెట్టుకున్న ముద్దుపేర్లు గుహ, కోట, బాట. వారం రోజులు రిపేరు కార్డుల వెనక వాటి మంచిచెడ్డలు రాసుకున్నాడు. గుహలో ఒక్కడే వీరుడు, చూసుకోవలసినవి తక్కువ, మాటలూ తక్కువ. కోటలో ఆరుగురు, కథ బ్రహ్మాండం, నేర్చుకోవడానికి తల ప్రాణం తోకకొస్తుంది. బాట గురించి అతను రాసింది ఒకే ముక్క: వాగుడు. ఆ ఆటలో ప్రతివాడూ ఆపి మాట్లాడతాడు. బుడ్డోడు దాన్ని నాలుగుసార్లు పూర్తిచేశాడు, నాలుగుసార్లూ సంభాషణలు దాటేసుకుంటూనే వెళ్లాడు.

తేలిగ్గా ఉంటుందని గుహతో మొదలుపెట్టించాడు. కొట్లోంచి ఓ పాత కంప్యూటరు తెచ్చి వదిన గదిలో కిటికీ పక్కన అమర్చాడు. మధ్యాహ్నం భోజనానికి కొట్టు మూసే రెండు గంటలు ఈ పనికి కేటాయించాడు. వదిన ఎలుక మీద చెయ్యి వేసి, గోడ మీద చెక్కిన రాత కనబడితే ఆగి, కూడబలుక్కుంటూ చదవడం మొదలుపెట్టింది. మొదటి వాక్యం పూర్తయింది. రెండో వాక్యం మధ్యలో ఉండగా వెనకనుంచి ఓ అస్థిపంజరం వచ్చి వీరుణ్ని నరికేసింది. మళ్లీ మొదలుపెట్టారు. మళ్లీ రెండో వాక్యం, మళ్లీ అస్థిపంజరం. ఆ ఆటలో మనం చదువుతున్నామని కాలం ఆగదు. ముప్పై ఏళ్లుగా ఆడుతున్నవాడికి అదో లోపంలా కనిపించలేదు. మూడోసారి వీరుడు పడిపోయాక వదిన ఎలుకని మెల్లగా బల్ల చివరికి నెట్టేసింది. రెండు రోజులు కంప్యూటరు వైపు చూడలేదు.

పొరపాటు తనదేనని బుడ్డోడు ఒప్పుకున్నాడు. కోట పెట్టాడు. అందులో స్పేస్ మీట నొక్కితే ప్రపంచం మొత్తం బొమ్మలా నిలబడిపోతుంది. వదినకి ఆ మీట తెగ నచ్చింది. అంతకంటే నచ్చింది ఆరుగురు మనుషులు ఉండటం. ఎవరి ఒంట్లో ఎంత బలం ఉంది, ఎవరి చేతికి ఏ పని ఇవ్వాలి, అంతా పక్కన గడుల్లో కనిపిస్తుంది. ఆవిడ కాగితం మీద చార్టు గీసింది. జబ్బు చేశాక పెన్ను పట్టడం అదే మొదలు. అన్నయ్య గుమ్మంలో నిలబడి అది చూసి, తుండుగుడ్డ మొహానికి అడ్డం పెట్టుకుని పెరట్లోకి వెళ్లిపోయాడు.

రెండు వారాలు బాగానే నడిచింది. రోజుకి గంట కాదు, గంటన్నర చదివేది. టీచరమ్మ కూడా ముచ్చటపడింది. కానీ వదిన ఇరవై రెండేళ్ల అలవాటు ఆటలోకి కూడా వచ్చేసింది. చిన్న కొట్లాట అయిందంటే చాలు, ఆరుగురినీ ఎనిమిదేసి గంటలు పడుకోబెట్టేది. ఓ వంతెన దాటారు, పడక. ఎవరితోనో మాట్లాడి వచ్చారు, పడక. రాకాసి గుహలో సగంలో ఉండగా, మంత్రగాడు పొద్దున్నుంచి డ్యూటీలో ఉన్నాడని అందరినీ అక్కడే పడుకోబెట్టింది. బుడ్డోడు నవ్వాపుకోలేకపోయాడు.

అతను మరిచిపోయిన విషయం ఒకటుంది. ఆ ఆటలో నది ఒడ్డున ఓ పల్లె ఉంది. జ్వరంతో పడి ఉన్న ఆ జనానికి నలభై రోజుల్లో మందు చేర్చాలి. వదిన మందు సంపాదించింది, ఆరుగురినీ ఒక్క గీత కూడా పడకుండా ఆ పల్లెకి చేర్చింది. అప్పటికి ఆటలో డెబ్భై ఒక్క రోజులు గడిచాయి. పల్లెలో ఒక్క ఇంట్లోనూ దీపం లేదు. తెర మీద రెండే వాక్యాలు వచ్చాయి. వదిన వాటిని పైకి చదివి, అక్కడే ఆగిపోయింది.

"నా... నా వల్ల... నేను..."

"నీ వల్ల కాదు వదినా, ఆట అలా పెట్టారంతే. గడువు ఉందని నాకు తెలియలేదు అంటావు, అంతేగా? ఇంకోసారి..."

వదిన అరచేత్తో బల్ల మీద కొట్టింది. పెన్ను ఎగిరి కింద పడింది.

"బుడ్డోడా. నువ్వు... చెప్పకు. నా మాట... నువ్వు చెప్పకు."

రెండున్నర నెలల తర్వాత ఆవిడ నోట తన పేరు విన్నాడు. సంతోషించడానికి కూడా మొహం చెల్లలేదు. అన్నయ్య గురించి లోలోపల నవ్వుకుంటున్నవాడు తనూ అదే పని చేస్తున్నాడు, గుహలో ఆ అస్థిపంజరం చేసిందీ అదే. వదిన మాట పూర్తయ్యేదాకా ఎవరూ ఆగడం లేదు. ఆ సాయంత్రం కొట్లో కూర్చుని రిపేరు కార్డులన్నీ మళ్లీ తీశాడు. బొమ్మలు ఎలా ఉన్నాయి, కథ ఎంత గొప్పది, కొట్లాట ఎంత కష్టం అని గీతలు గీసి పోల్చిందంతా కొట్టేశాడు. కొత్త కార్డు మీద ఒకే ప్రశ్న రాసుకున్నాడు: ఏ ఆట ఎంతసేపు ఆగుతుంది? గుహ ఆగదు. కోట మీట నొక్కితే ఆగుతుంది, కానీ లోపల రోజులు లెక్కపెడుతూనే ఉంటుంది. బాటలో మనం జవాబు ఎంచుకునేదాకా చెట్టు మీద ఆకు కూడా కదలదు. అందులో గడువులు లేవు. ఎన్ని రోజులు పడుకున్నా ఎవరూ చావరు. వాగుడుకాయ ఆట అని తను పక్కన పడేసినదే వదినకి సరిపోయేది.

బాట మొదలుపెట్టేనాటికి బోర్డుకి ఐదు వారాలే మిగిలాయి. ఈసారి బుడ్డోడు పక్కన స్టూలు వేసుకుని, రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాడు. నోరు విప్పకుండా ఉండటం తనకి ఇంత కష్టమని అతనికి ఇప్పుడే తెలిసింది. వదిన ఒక్కో మాట దగ్గర నిమిషం నిలబడేది. ఆ మాట అతని నాలుక చివర గంతులేసేది. మింగేసేవాడు. మొదటి వారం వదిన ప్రతి ఆగుడుకీ అతని మొహం వైపు చూసేది. తర్వాత చూడటం మానేసి తెర వైపే చూస్తూ వెతుక్కోవడం మొదలుపెట్టింది. దొరకడం కూడా మొదలైంది.

ఇక్కడా వదిన తన మనుషుల్ని ప్రతి మజిలీలో పడుకోబెట్టింది. ఈ ఆటలో మజిలీ వేసినప్పుడు మంట చుట్టూ కూర్చున్నవాళ్లు ఏదో మాట్లాడతారు. బుడ్డోడు ఎప్పుడూ గాయాలు మానగానే లేపి నడిపించేసేవాడు, ఆ మాటలు వినే ఓపిక అతనికి లేదు. గుంపులో ఓ ముసలి విలుకాడున్నాడు. వాడు ప్రతి మజిలీలోనూ మంట ఆరిపోతోంది అంటాడు, అంతే. వదిన ఆ ముక్కని రోజూ శ్రద్ధగా చదివేది. ఇరవయ్యో, ఇరవై ఒకటో మజిలీలో విలుకాడు ఆ మాటతో ఆగలేదు. వయసులో ఉన్నప్పుడు ఓ యుద్ధంలో, చేతులెత్తి నిలబడిన శత్రువు మీద బాణం వేయలేక కావాలని గురి తప్పించానని, ఆ సంగతి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదని మొదలుపెట్టాడు. బుడ్డోడు స్టూలు మీద ముందుకి వంగాడు. నాలుగుసార్లు ఆట పూర్తిచేసిన తనకి ఈ కథ ఉందనే తెలియదు.

కింద మూడు జవాబులు వచ్చాయి. ఎందుకలా చేశావని అడగడం. నువ్వు చేసింది తప్పు కాదని ఓదార్చడం. ఏమీ అనకుండా మంటలో ఓ పుల్ల వేయడం. వదిన మూడూ చదివి, క్షణం కూడా తడుముకోకుండా మూడోది నొక్కింది. విలుకాడు మిగతాదంతా చెప్పుకొచ్చాడు.

అదెందుకు ఎంచుకున్నావని బుడ్డోడు అడిగాడు. ఆవిడ తీరిగ్గా మాటలు కూర్చుకుంది.

"అడిగితే... ఆపేస్తాడు. ఊరికే... పక్కన ఉంటే... వాడే చెప్తాడు."

ఆ మాటకి బుడ్డోడికి తన చిన్నతనం గుర్తొచ్చింది. ఏడేళ్ల వయసులో అమ్మ పోయాక అన్నయ్య అతన్ని ఈ ఇంటికి తెచ్చాడు. అప్పటికి వదిన ఈ ఇంటికి వచ్చి రెండు నెలలే. పిల్లాడు ఐదు నెలలు ఎవరితోనూ పలకలేదు. చుట్టాలు బెదిరించారు, బుజ్జగించారు, మూగవాడైపోయాడని తేల్చేశారు. ఈవిడ మాత్రం ఏమీ అడగలేదు. రోజూ సాయంత్రం ఉతికిన బట్టల కుప్ప తెచ్చుకుని అతని పక్కన చాపమీద కూర్చుని మడతలు పెట్టుకునేది. బట్టలు అయిపోయినా లేచేది కాదు. ఓ రోజు అతనే, అమ్మ చీర వాసన మర్చిపోతున్నానని చెప్పి ఏడ్చాడు. తర్వాత చెప్పుకుంటూనే పోయాడు. ఇన్నేళ్లూ ఆ ఐదు నెలల సంగతి తన మొండితనం కింద గుర్తుంచుకున్నాడే గాని, అవతల ఓ కొత్త పెళ్లికూతురి ఓపిక కింద ఎప్పుడూ లెక్కపెట్టలేదు. అప్పుడే ఏదో చెప్పాలనిపించింది. వదిన ఇంకా చదువుతోంది. మధ్యలో అడ్డుపడటం ఇష్టంలేక ఊరుకున్నాడు.

బోర్డు రోజు ఒక్క మనిషిని తోడు తెచ్చుకోవచ్చన్నారు. అన్నయ్య ఇస్త్రీ చొక్కా వేసుకుని పొద్దున్నే తయారైపోయాడు. వదిన ఆయన దగ్గరకెళ్లి, చొక్కా కాలరు సర్ది, మీరు ఇంట్లో ఉండండని చెప్పి, బుడ్డోడి వైపు వేలు చూపించింది. అన్నయ్య నొచ్చుకున్నాడు, వీధి చివరిదాకా వచ్చి దిగబెట్టి మరీ నొచ్చుకున్నాడు.

గదిలో పొడుగాటి బల్ల వెనక ఓ డాక్టరు, ఓ డిపో అధికారి, రాసుకునే అమ్మాయి ఉన్నారు. బుడ్డోడికి గోడ పక్కన కుర్చీ వేశారు. డాక్టరు బొమ్మలు చూపించి పేర్లు అడిగాడు. వదిన పదింట్లో ఎనిమిది చెప్పింది. నిచ్చెన దగ్గర, తాళం దగ్గర మాట దొరకలేదు. ఓ పేరా చదివించారు. మెల్లగా, తప్పు లేకుండా చదివింది. చివరికి అధికారి చార్టు కాగితం ముందుకి జరిపాడు. పొద్దున మొదటి బండికి డ్రైవరు రాలేదు, నాలుగు గంటల కిందట డ్యూటీ దిగినవాడు డిపోలోనే ఉన్నాడు, స్టాండులో జనం నిండిపోయారు, ఏం చేస్తారని అడిగాడు.

"అతను... వద్దు. అతను పడుకోవాలి. రెండో బండిని... రెండో బండిని..."

మాట ఆగిపోయింది.

గోడ మీద గడియారం చప్పుడు బుడ్డోడికి వినబడుతోంది. ఆవిడకి కావలసిన మాట అతనికి తెలుసు. రెండో బండిని ముందుకి జరుపుతాను. ఇంతే. అధికారి అతని వైపు చూశాడు. మీకేమైనా అర్థమైందా అన్నట్టు కనుబొమ్మలెగరేశాడు. ఒక్క మాట అంటే చాలు, వదిన తల ఊపుతుంది, అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ఆ తల ఊపుడుతో ఆవిడ స్టోరు గదికి పోతుంది. బుడ్డోడు పళ్లు బిగించి తన చెప్పుల వైపు చూస్తూ కూర్చున్నాడు. అమ్మాయి రాయడం ఆపేసింది. అరనిమిషం గడిచి ఉంటుంది, అతనికి ఓ పూట గడిచినట్టుంది.

"అంటే రద్దు చేస్తా..." అంటూ అధికారి అందుకోబోయాడు.

వదిన చెయ్యెత్తింది. "ఆగండి. చెప్తాను."

ఆయన ఆగాడు.

"రెండో బండిని ముందుకి... జరుపుతాను. జనానికి... పది నిమిషాలు ఆలస్యం. ఆలస్యమే అవుతుంది. ఎవరూ... చావరు."

డాక్టరు అధికారి వైపు చూశాడు. అధికారి చార్టు కాగితాన్ని తన వైపు లాక్కుని, ఇంకేం అడగలేదు. వాళ్లని బయట కూర్చోమన్నారు. పావుగంట తర్వాత ఆ అమ్మాయే కాగితం తెచ్చి ఇచ్చింది. రెండు నెలలపాటు సగం పూట, ఆ తర్వాత పూర్తి డ్యూటీ. చార్టు బల్ల దగ్గరే.

వదిన ఆ కాగితాన్ని రెండుసార్లు పైకి చదివింది. తర్వాత వరండాలో బెంచీ మీద బుడ్డోడి పక్కన కూర్చుంది.

"ఆ మాట... నీకు తెలుసు కదా?"

"తెలుసు. నోటిదాకా వచ్చింది."

"చూశాను. మీ అన్నయ్యయితే... చెప్పేసేవారు. పాపం." ఆవిడ అతని చేతిమీద చెయ్యి వేసింది. "నా మాట... నాకు వదిలేశావు. చాలా... చాలా థాంక్స్ నాయనా."

బుడ్డోడికి కళ్లు మసకబారాయి. ఆ వరండాలో పదిమంది కూర్చుని ఉన్నారన్న సంగతి కూడా మరిచిపోయాడు.

"అది నేను చెప్పాలి వదినా. నాకు ఏడేళ్లున్నప్పటినుంచి నీకు చెప్పాలి. ఇంతవరకు చెప్పనే లేదు."

"అయితే చెప్పు," అంది వదిన, సంచి ఒళ్లో సర్దుకుని. "వింటాను."

అతను చెప్పడం మొదలుపెట్టాడు. వాళ్లు ఎక్కాల్సిన బస్సు రెండుసార్లు వచ్చి వెళ్లిపోయింది. ఆవిడ ఒక్కసారి కూడా మధ్యలో మాట్లాడలేదు.